గుర్రపు దంతె – తొమ్మిదో భాగం: ఎత్తని గడ్డి

పోయినవారం జెరూషాను గడ్డిచేను నడుమ నిలబెట్టి మన దారిన మనం వెళ్ళిపోయాం. పాపం, ఆవిడ ఇంకా అక్కడే ఉంది.

కొత్తగా వచ్చినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. వెర్మాంట్ కొండల్లో, పోయిన జులైలో, జెరూషా మొగుడు ఓరిన్ గుర్రపు దంతె కింద పడి చచ్చిపోయాడు. ఆరిన గడ్డిని బారులుగా పోగుచేసే బండి అది. రెండు పెద్ద చక్రాలు, మీద ఇనప పీట, వెనక వరసగా పక్కటెముకల్లా వంగిన ఇరవై ఇనప పళ్ళు. తోలేవాడు పట్టు తప్పి ముందుకు పడితే ఆ పళ్ళు వాణ్ణి గడ్డితో పాటు ఊడ్చుకుపోతాయి. పీట మీద ఉన్నవాడు మీట లాగితే తప్ప పైకి లేవవు, లాగాల్సినవాడేమో వాటి కిందే ఉంటాడు. ఓరిన్ అలాగే పోయాడన్నారు. జెరూషా ఏడుస్తూ కూర్చోలేదు. కమ్మరి ఈనోస్‌ను పక్కన పెట్టుకుని ఏడాదిపాటు ఆ దంతెనే విప్పి, బిగించి, మళ్ళీ విప్పింది. ఇప్పుడు మనిషి కూర్చుంటే ఆ బరువుకు పళ్ళు నేలకు దిగుతాయి. పీట ఖాళీ అయిందా, టక్కున లేస్తాయి. మీట పోయింది, దాని బదులు కాలికింద తొక్కుడు కమ్మి వచ్చింది.

లోయ జనానికి ఇదేం నచ్చలేదు. మనిషిని మింగిన బండి, దాన్ని లాగిన గుర్రం ఊళ్ళో ఉండకూడదని వాళ్ళ పట్టు. చర్చి పెద్ద అమాసా గారు మధ్యేమార్గంగా తీర్పు చెప్పారు. జెరూషా అందరి ముందూ తోలి చూపించాలి. పనిచేస్తే సరే. చెయ్యకపోతే దంతెను అదే చేలో తగలబెట్టాలి, ఆడగుర్రం టాబీని తుపాకీతో కాల్చెయ్యాలి.

జెరూషా చేను నడుమ దాకా తోలింది. అందరూ చూస్తుండగా పీట మీంచి కిందికి దూకింది.

పళ్ళు లేవలేదు. ఆమె కింద నిలబడి ఉండగానే టాబీ కదిలి, ఖాళీ పీటతో దంతెను లాక్కుని వెళ్ళిపోయింది.

* * *

"ఆగవే! ఏయ్ టాబీ, ఆగు!" అని ఈనోస్ అరిచాడు.

టాబీ ఆగలేదు. అలాగని బెదిరి పరుగెత్తనూ లేదు. తల దించుకుని, పని తెలిసిన గుర్రం నడిచినట్టు ఒకే నడకన నడిచింది. పగ్గాలు పీట ముందున్న కమ్మి మీద వదులుగా పడి ఉన్నాయి. పడి ఉన్నాయనే అనుకుంది జెరూషా. కానీ ఓ పక్క అవి కొంచెం బిగిసినట్టు కనిపించి, కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది.

పదకొండున్నర దాటింది. నెత్తిమీద ఎండ మాడ్చేస్తోంది. పొద్దున్నుంచీ గోల గోలగా అరిచిన పిట్టలన్నీ ఒక్కసారి నోరు మూసుకున్నాయి. రాతిగోడ వారన నిలబడ్డ ముప్ఫైమందిలో దగ్గినవాడు కూడా లేడు. గడ్డి మీద ఇనుము జరుగుతున్న చప్పుడొక్కటే ఉంది.

మొదటి బారు పడాల్సిన చోటికి వచ్చేసరికి తొక్కుడు కమ్మి కిందికి దిగింది. మెల్లగా, కాలు పెట్టి నొక్కినట్టే దిగింది. పళ్ళు లేచాయి, గడ్డి పడింది, పళ్ళు మళ్ళీ దిగాయి. పీట మాత్రం ఎవరో కూర్చున్నట్టే వంగి ఉంది.

"ఓరి దేవుడో," అంది గోడ దగ్గర ఒకామె. ఇంకొకామె పిల్లల ముఖాలను తన పావడాలోకి లాక్కుంది.

"ఈనోస్ బాబాయ్, స్ప్రింగు ఏమైనా పట్టేసిందా?" అని జెరూషా అడిగింది. గొంతు మామూలుగా వచ్చినందుకు ఆమెకే ఆశ్చర్యం వేసింది.

"నేను కొట్టిన స్ప్రింగమ్మా అది. ఇంట్లో మా ఆవిడ నా మాట వినకపోవచ్చుగానీ, ఇనుము వింటుంది." ఈనోస్ నవ్వబోయి మానేశాడు. "పట్టేస్తే పళ్ళు దిగి ఉండిపోవాలి. లేచి దిగుతున్నాయి చూడు. అది పట్టెయ్యడం కాదు."

టాబీ చేను చివర తిరిగింది. తిరిగి వస్తూ పక్క చాలు పట్టింది. మళ్ళీ తొక్కుడు దిగింది, మళ్ళీ గడ్డి పడింది. అది చూసి జెరూషా ఓ అడుగు ముందుకు వేసింది. అంతవరకూ పట్టింది భయం. ఇప్పుడు కలిగింది భయం కాదు, అంతకంటే దగ్గరిది.

ఎందుకో చెప్పాలి. ఆ లోయలో గడ్డి బారు చూసి తోలినవాడెవడో చెప్పేస్తారు, మనం ఉత్తరం మీద అక్షరాలు చూసి రాసినవాళ్ళను పోల్చుకున్నట్టే. దంతె పోతూ ఓసారి, వస్తూ ఓసారి ఒకే వరుసలో గడ్డి వదిలితే బారు తిన్నగా వస్తుంది. ఓరిన్‌కు యుద్ధంలో భుజంలోకి గుండు దిగింది. మీట లాగడం ఎప్పుడూ ఓ అడుగు ఆలస్యం. పోయేటప్పుడు ఓ అడుగు అటు, వచ్చేటప్పుడు ఓ అడుగు ఇటు. బారంతా వంకరటింకర. కొండ రోడ్డు మీద పోయేవాళ్ళు బళ్ళు ఆపుకుని మరీ నవ్వుకునేవారు. "ఓరిన్ మళ్ళీ తాగి తోలాడర్రా!" అనేవారు, అతను చుక్క ముట్టడని తెలిసీ. ఓరిన్ కూడా వాళ్ళతో కలిసి నవ్వేవాడు.

ఇప్పుడు పడుతున్న గడ్డి ఓ అడుగు అటు, ఓ అడుగు ఇటు పడుతోంది.

"జెరూషా," అన్నారు అమాసా గారు వెనకనుంచి. "ఏమిటిది?"

"మీరు చూస్తున్నదేనండీ. నన్నడిగితే నేనేం చెప్పను?"

మూడో చాలు కూడా అయింది. చేను అవతలి మూల, రాతిగోడ మలుపు తిరిగే చోట టాబీ ఆగింది. ఎవరూ ఆగమనలేదు. ఓరిన్ శవం దొరికింది సరిగ్గా అక్కడే.

* * *

జెరూషా నడిచింది. వద్దని ఎవరో అన్నారు, వినలేదు. కొన్నాళ్ళుగా ఆమెకు వినకపోవడం అలవాటైపోయింది. వెనక ఈనోస్, ఆ వెనక అమాసా గారు, వాళ్ళ వెనక మిగతా జనం, ఒకళ్ళనొకళ్ళు ముందుకు తోసుకుంటూ వచ్చారు.

ఈనోస్ వెళ్ళి టాబీ కళ్ళెం పట్టుకున్నాడు. జెరూషా పీట మీద చెయ్యి వేసింది. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఇనుము. చెయ్యి చుర్రుమనాలి. అది నూతిలో రాయంత చల్లగా ఉంది.

"ఓరిన్," అని ఆమె పెదవులు కదిలించింది. పైకి వినబడలేదు.

ఆమె అరచేతి కింద పీట లేచింది. టక్కున కాదు, ఆమె కట్టిన స్ప్రింగు లేచేలా కాదు. అలసిపోయిన మనిషి మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుని లేచినట్టు, నింపాదిగా లేచింది. దాంతో పాటే పళ్ళు కూడా పైకి లేచి నిలబడ్డాయి. రెండు క్షణాల్లో ఇనుము వేడెక్కి చెయ్యి కాలింది.

కళ్ళెం వదలకుండానే ఈనోస్ వంగి పీట కింద తొంగి చూశాడు. రెండో చెయ్యి లోపలికి పెట్టి తడిమాడు. "రాయి లేదు, తుప్పు లేదు, గడ్డిపోచ లేదు," అన్నాడు. "నలభై ఏళ్ళు కొలిమి పని చేశానమ్మాయ్. ఇవాళ ఇంటికెళ్ళి నేనేం చెప్పుకోను?"

అమాసా గారు ఏదో అనబోయారు. జెరూషా ఆయన వైపు చూడటం లేదు. వచ్చిన దారి వైపు తిరిగి చేను చూస్తోంది.

ఆ మూల కాస్త మెరక. చేనంతా పరిచినట్టు కనిపిస్తుంది. దంతె ఊడ్చిన మేర గడ్డి పోయి మోళ్ళు బయటపడ్డాయి. మోళ్ళ మీద ఓరిన్ వంకర బారులు ఉన్నాయి. వాటి కింద నేలలో వేరే బారులు కనిపించాయి. పచ్చటి మోళ్ళ మధ్య పసుపుపచ్చటి చారలు, ఈ చివర నుంచి ఆ చివరకు. దారం పట్టి కొట్టినట్టు తిన్నగా ఉన్నాయి.

ఆమెకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక మాత్రం అరికాళ్ళలో చెమట పట్టింది.

మనిషి పోయిన చేలో గడ్డిని ఆ ఏడు ఎత్తరు. లోయలో తాతల నాటి ఆనవాయితీ అది. పోసిన బారు పోసినట్టే వానకు నాని, మంచు కింద కుళ్ళిపోవాల్సిందే. పోయినేడు ఇరుగుపొరుగు జాలిపడి, ఒంటరి ఆడది, పశువులకు మేతైనా ఉంటుంది, ఎత్తేద్దాం అన్నారు. వీల్లేదని పట్టుబట్టినవాడు ఓరిన్ తమ్ముడు జేడక్. "మా అన్న గడ్డి ఎవరైనా ముట్టుకుంటే ఊరుకోను," అని గోడ మీద కూర్చుని కాపలా కాశాడు. ఆ రోజు గాలివానకు పైగడ్డి చెదిరి బారుల రూపు పోయినా, అడుగు గడ్డి అక్కడే కుళ్ళి కిందున్న పచ్చికను చంపేసింది. ఈ ఏడు నిలువెత్తు గడ్డిలో ఆ చారలు కనపడలేదు. కోసి, ఆరబెట్టి, ఊడ్చాక కనపడ్డాయి. ఓరిన్ చనిపోయిన రోజు పోసిన బారులు నేలమీద అచ్చు పడి ఉన్నాయి.

"ఈనోస్ బాబాయ్," అంది జెరూషా. "ఆ పసుపు చారలు చూడు. ఎవరు తోలారవి?"

ఈనోస్ చూశాడు. జనంలోనూ ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు చూశారు. ఎవరూ పేరు చెప్పలేదు. చెప్పే పనేముంది? అంత తిన్నటి బారులు లోయలో ఒక్కడే పోస్తాడు. శరత్కాలపు సంతలో తిన్నటి బారుకిచ్చే నీలం రిబ్బను నాలుగేళ్ళుగా వాడిదే.

జేడక్ అందరికంటే వెనక ఉన్నాడు. ఆరడుగుల మనిషి. గోడకు ఆనుకుని, గోడలో కలిసిపోవాలన్నట్టు నిలబడ్డాడు.

"జేడక్, ఇలా రా."

"ఏంటి వదినా?"

"ఇలా రమ్మన్నాను."

వచ్చాడు. జనం పక్కకు తప్పుకుని దారిచ్చారు.

"ఆ రోజు నువ్వు కొండ అవతల కోత కోస్తున్నానన్నావు. నువ్వొచ్చేసరికి మీ అన్న పళ్ళ కింద ఉన్నాడన్నావు. అవునా?"

"అవును."

"మరి ఇవెవరివి?"

"గడ్డి చారలు వదినా. గడ్డికేం తెలుసు?"

"గడ్డికి తెలియదు, నీకు తెలుసు. మీ అన్న జన్మలో ఒక్క బారు తిన్నగా పొయ్యలేదు. పెళ్ళినాడు చర్చిలో నడిచింది కూడా వంకరగానే." జెరూషా నవ్వినట్టు అనిపించింది, కానీ కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. "చెప్పు జేడక్. ఆ రోజు పీట మీద ఎవరున్నారు?"

జేడక్ దంతె వైపు చూశాడు. ఖాళీ పీట వైపు చూశాడు. వాడి మెడ మీద చెమట ధారగా కారుతోంది. తను చూసింది తన అన్న బారులేనని వాడికీ తెలుసు.

"నేనే," అన్నాడు చివరికి.

జనంలో గుసగుస బయల్దేరింది. అమాసా గారు చెయ్యెత్తేసరికి ఆగింది.

"అన్నయ్యకు భుజం సలుపుతోందంటే నేను కూర్చుంటాను దిగమన్నాను. ఈ సగం చేను అంతా నేనే తోలాను. ఇక్కడికొచ్చేసరికి తడిగడ్డి పళ్ళలో ఇరుక్కుంది. మీట రాదే! రెండు చేతులా లాగినా రాదు. నువ్వు లాగు, నేను కింద నుంచి ఊడబీకుతాను అన్నాడు. పళ్ళ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఇదిగో, ఇక్కడే." అంటూ చక్రాల మధ్యకు దూరి, లేచి ఉన్న పళ్ళ ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. అన్న చేసినట్టే చేతులు చాచాడు. "ఇలా."

జెరూషా వాణ్ణి చూస్తూ ఉండిపోయింది. ఓరిన్ పీట మీంచి పడలేదు. అసలు పీట మీద లేనే లేడు. పీట బరువు, స్ప్రింగు బిగువు, మనిషి జారితే ఎంతలో పళ్ళు లేవాలి, ఇవే ఆమెకు ఏడాదంతా తిండీ నిద్రా. ఎప్పుడూ జరగని చావును ఆపడానికి ఆమె అంత పని చేసింది.

"ఏరా," అంది. మరిదిని ఎప్పుడూ అలా పిలవలేదు. "ఏడాది నుంచి నేను ఆ పీటతో కుస్తీ పడుతుంటే నీ కళ్ళతో చూశావు కదరా! స్ప్రింగు మోసుకొచ్చింది నువ్వు కాదూ? కాలు పెట్టి చూడు వదినా, బాగా పడుతోంది అన్నది నువ్వు కాదూ? ఒక్క ముక్క, ఒక్క ముక్క చెప్పి ఉంటే ఏం పోయేది? గుర్రాన్ని నువ్వు కదిలించి, నేరం నా మొగుడి చేతకానితనం మీద పెట్టావా?"

"నేను కదిలించలేదు వదినా."

"మరెవరు కదిలించారు?"

జేడక్ తల దించేసుకున్నాడు.

"దేవుడి ఎదుట ఉన్నావు జేడక్," అన్నారు అమాసా గారు. "ఆవిడ అడుగుతోంది. చెప్పు."

"అడగొద్దనండి ఆవిణ్ణి."

"చెప్పు!"

"బూర మోగిందండీ," అన్నాడు జేడక్, తల పైకెత్తకుండా. "భోజనం బూర."

ఎవరికీ వివరంగా చెప్పనక్కర్లేకపోయింది. అక్కడ ప్రతి ఇంటి వంటింట్లోనూ మేకుకు ఓ రేకు బూర వేలాడుతుంది. పన్నెండింటికి ఇంటావిడ గుమ్మంలో నిలబడి ఊదుతుంది. మనుషులకంటే ముందు గుర్రాలకు తెలుస్తుంది ఆ చప్పుడు. మోగిందంటే పని అయిపోయినట్టే, ఇక కొట్టం, నీళ్ళు, దాణా. అప్పుడు పగ్గాలు పట్టుకుని ఉంటే ఆగుతాయి. లేకపోతే ఎవరి కోసమూ ఆగవు.

"అప్పటికింకా పన్నెండు కాలేదు. మోగుతుందని అనుకోలేదు. పగ్గాలు కమ్మికి చుట్టేసి రెండు చేతులా మీట పట్టుకుని ఉన్నాను. మోగింది. టాబీ ఇంటికి బయల్దేరింది. నేను పగ్గాలు అందుకునేలోపు మళ్ళీ మోగింది, పరుగెత్తింది. మళ్ళీ మోగింది." జేడక్ ఏడుస్తున్నాడు. "నీకు చెప్పి ఏం బావుకుంటాను వదినా? అన్నయ్య ఎలాగూ రాడు. నువ్వైనా బతకాలి కదా అనుకున్నాను."

పడమట మబ్బు. నల్లటి మబ్బు. ఆ రోజు వంటింటి కిటికీలోంచి జెరూషా చూసింది. వాన పడేలోపు చెరో చోట ఉన్న అన్నదమ్ములిద్దరూ వచ్చి వేడివేడిగా తినేస్తే బాగుండు అనుకుంది. ఇంకా పావుగంట ఉండగానే బూర తీసింది. ఒకసారి ఊదింది. ఎవరూ రాలేదు. వినబడలేదేమోనని గుమ్మం దిగి ఇంకోసారి ఊదింది. ఇంకా గట్టిగా, బుగ్గలు నొప్పెట్టేలా, మూడోసారి ఊదింది.

మొగుణ్ణి చంపింది ఆమె పిలుపే.

జెరూషాకు ఏడుపు రాలేదు.

"టోపీలు తియ్యండి," అన్నారు అమాసా గారు మెల్లగా. ఇలాంటప్పుడు ఆయనకు తెలిసింది అదొక్కటే. "ప్రార్థన చేద్దాం."

మగవాళ్ళు టోపీలు తీసి రెండు చేతులతో గుండెలకు పట్టుకున్నారు. ఈనోస్ కూడా టాబీ కళ్ళెం వదిలి టోపీ తీశాడు. తలలు వంగాయి. కళ్ళు మూతపడ్డాయి. ప్రార్థనలో కళ్ళు తెరిచి చూసేవాళ్ళు ఆ లోయలో లేరు.

జెరూషా తూలింది. పడిపోతానేమోనని చెయ్యి చాస్తే పీట తగిలింది. ఏం చేస్తోందో తెలియకుండానే ఎక్కి దాని మీద కూలబడింది.

ఆమె బరువుకు పీట దిగింది. పళ్ళు కూడా దిగాయి. కింద మెత్తటి గడ్డి ఉండటంతో చప్పుడైనా కాలేదు. జేడక్ వీపు చుట్టూ ఇరవై ఇనప వంకులు మూసుకున్నాయి.

జేడక్ కళ్ళు తెరిచి పళ్ళను చూశాడు. పైకి, ఆమె వైపు చూశాడు. బయటికి రావడానికి ఏ ప్రయత్నమూ చెయ్యలేదు. మళ్ళీ కళ్ళు మూసుకుని తల వంచాడు. ఇంత కాలం ఎదురుచూసింది ఇదే అన్నట్టుంది వాడి వాలకం.

"లే జేడక్..." అని ఆమె అనబోయింది.

అప్పుడు ఇంటి వైపు నుంచి బూర మోగింది.

ఇంట్లో ఎవరూ లేరు. ఇంటికి తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకుని వచ్చింది ఆమె. లోయ జనమంతా ఇక్కడే, ఆమె ఎదురుగానే, కళ్ళు మూసుకుని నిలబడ్డారు. అయినా మోగింది. ఆ బూర అంచు ఓ చోట సొట్టపోయి చివర్న చిన్న కీచు వస్తుంది. ఆ కీచుతో సహా మోగింది.

టాబీ చెవులు నిక్కాయి. పగ్గాలు కమ్మి మీంచి ఎప్పుడు జారాయో, ఎక్కడో కింద గడ్డిలో ఉన్నాయి. చక్రాలు కిర్రుమన్నాయి.

లేవాలి. అంతే. చేత్తో లాగక్కర్లేదు, గుర్రాన్ని ఆపక్కర్లేదు. లేస్తే చాలు, పళ్ళు లేస్తాయి. ఎవరి కోసమైతేనేం, ఎలాంటి చావు కోసమైతేనేం, ఆమె చేసింది ఇందుకే. జెరూషా ఒంట్లో మిగిలిన సత్తువంతా కాళ్ళలోకి తెచ్చుకుని పక్కకు దూకింది. మోచెయ్యి రాతికి కొట్టుకుంది. ఆ నొప్పి తెలియలేదు. నేలమీద పడి, ముఖం గడ్డిలో పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, పళ్ళు లేచే ఆ ఒక్క టక్ కోసం చెవులు రిక్కించింది.

బూర రెండోసారి మోగింది. ఆ వెంటనే, ఇంకా గట్టిగా, మూడోసారి.